రాజుగారు ఏరిన రెక్కలు

సుబ్బరాజు చెయ్యి మంచిదని అల్వాల్‌లో ఆ వీధి వీధంతటికీ నమ్మకం. ఆ నమ్మకం ఆయన కొత్తగా సంపాదించుకున్నది కాదు, పొలంతో పాటు వచ్చిన ఆస్తి. భీమవరం పక్క పల్లెలో వాళ్ళ నాన్న ఎద్దుల బేరానికి పెట్టింది పేరు. సంతలో ఆ పెద్దాయన ఎద్దు మూపురం మీద చెయ్యేసి నొక్కి, పళ్ళు చూసి, "తోలుకుపోరా" అన్నాడంటే కొన్నవాడు ఇక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. కొడుకు డిగ్రీ చదివి, సికింద్రాబాద్ వచ్చి, రాణిగంజ్‌లో మోటారు పంపుల దుకాణం పెట్టాక ఎద్దులు పోయి ఫ్రిజ్జులొచ్చాయి, అంతే తేడా. వీధిలో ఎవరు మంచం కొన్నా, మిక్సీ కొన్నా రాజుగారిని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే. ఆయన సరుకుని మెటికలతో కొట్టి వింటాడు. రెండు చేతులా పట్టి వంచి చూస్తాడు. వంగితే పక్కన పెట్టేస్తాడు. వంగకపోతే, "ఆయ్, ఇది గట్టిదండి, కట్టించేయండి" అంటాడు. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదని ఆయన అనుకునేవాడు. తప్పినా, కొన్నవాళ్ళు మొహమాటానికి చెప్పి ఉండరన్న సంగతి ఆయనకి తోచలేదు.

అందుకే ఎదురింటి ప్రేమమణి టీచరు గేటు దగ్గర నిలబడి, "రాజుగారూ, ఒకసారి నాతో కార్ఖానా దాకా రావాలండీ, హెలికాప్టరుకి రెక్కలు కొనాలి" అన్నప్పుడు ఆయనకి నవ్వొచ్చింది గానీ రానని మాత్రం అనలేదు.

ప్రేమమణి మిషన్ స్కూల్లో సైన్సు చెప్తుంది. రిటైర్మెంటు ముంగిట్లో ఉంది. గాలి వస్తువుని పైకెలా లేపుతుందో ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో గీసి గీసి విసుగెత్తి, ఇక పోయే ముందైనా పిల్లల కళ్ళ ముందు ఒక్కసారి లేపి చూపించాలని పట్టుబట్టింది. రిమోటుతో ఎగిరే హెలికాప్టరు ఒకటి, మూరెడు పొడవుది, నేర్చుకునేవాళ్ళు కొనేది, తెచ్చుకుంది. స్కూల్లో సైన్సు పండుగనాడు దాన్ని లేపుతానని హెడ్‌మాస్టరుకీ, పిల్లలకీ మాటిచ్చేసింది. ఈ వయసులో ఇదేం బొమ్మలాటని వీధిలో నవ్వినవాళ్ళున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. రోజూ సాయంత్రం వీధి చివరి మైదానంలో దాన్ని జానెడు లేపుతుంది, కింద పడేస్తుంది, మళ్ళీ లేపుతుంది. అలా పడీ పడీ దానితో వచ్చిన రెక్కలు కాస్తా విరిగాయి.

"మీరు మిషన్ల మధ్య బతికినవారు కదా. ఈసారి గట్టివి ఏరిపెట్టండి" అంది.

గట్టివి. ఆ మాట సుబ్బరాజు చెవిలో తేనెలా పడింది.

సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో, ఎగిరే బొమ్మలు అమ్మే ఆర్థర్ దుకాణం ఒక సందులో ఉంటుంది. చిన్నది. కప్పు నిండా విమానాలు వేలాడుతుంటాయి. ఆర్థర్ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నోటికి తలుపు లేనివాడు. ఆ సాయంత్రం కాలేజీ కుర్రాళ్ళు కొట్టు నిండా ఉన్నారు.

"వందనాలు టీచరమ్మా! ఏందీ, ఇరగ్గొట్టిండ్రా?" అన్నాడు, పండగ కబురు విన్నట్టు.

"విరిగాయి బాబూ. పక్కకి ఒరిగి టప్పుమన్నాయి."

"మంచిగయింది. నేర్చుకునేటోళ్ళవి ఇరగాలె. ఇరుగుతలేవంటే ఎగరేస్తలేరని లెక్క." అలా అంటూనే చెక్క రెక్కల జత ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇవే తీస్కపోండి. రెండు మూడు జతలు ఇంట్ల పెట్టుకోండి."

సుబ్బరాజు ఒక రెక్క తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. లొంగింది. మెటికతో కొట్టాడు. పుచ్చిన పెండలం దుంపని కొట్టినట్టు శబ్దం. ఆయన చూపు అద్దాల బీరువాలో నల్లగా నిగనిగలాడుతున్న ఇంకో జత మీద పడింది.

"అవేటవి?"

"అవి కార్బన్ ఫైబర్ సార్. చెయ్యి తిరిగిన పెద్ద ఫ్లయర్లు వాడుతరు. ఇప్పుడే టీచరమ్మకి వద్దు."

"తియ్యి చూద్దాం."

ఆర్థర్ తీశాడు. సుబ్బరాజు రెండు చేతులా పట్టి వంచబోయాడు. ఊఁహూఁ. కొట్టాడు. టక్కున పలికింది. ఆయన ముఖం విప్పారింది. "ఆయ్, ఇదండీ సరుకంటే!"

"గట్టిదే సార్, నేను కాదంటలే" అన్నాడు ఆర్థర్. "అందుకే వద్దంటున్న. ఇది నేలకి తగిలినా ఇరగది. మరి ఆ దెబ్బ యాడికి పోవాలె? లోపలికి పోతది. నడిమిట్ల షాఫ్ట్ వంగుతది, గేర్ పండ్లు రాలుతయి, తోక తెగుతది. చెక్కదనుకో, అది ఇరిగి ఊకుంటది. మిషన్ సలామత్."

ప్రేమమణి తలూపింది. "అదీ నిజమే కదండీ..." అని ఏదో చెప్పబోయింది.

కానీ సుబ్బరాజు లోపలి దుకాణదారుకి అప్పటికే మెలకువ వచ్చేసింది. విరిగితే మంచిదంటున్నాడు, రెండు మూడు జతలు దాచుకోమంటున్నాడు. దీని భావమేమిటో తనకి తెలియదా! వారం వారం మనిషిని కొట్టుకి రప్పించే ఎత్తు కాదూ!

"చూడు బాబూ, నేనూ కొట్టువాణ్ణే" అన్నాడు గొంతు పెంచి. "విరిగే సరుకే గొప్పదని చెప్పి అమ్మే తెలివి మా రాణిగంజ్‌లో ఎవడికీ లేదు. ఆడకూతురు ఏమీ తెలీకుండా వచ్చిందని పుల్లముక్కలు అంటగడతావా?"

కుర్రాళ్ళు అటు తిరిగారు. ఆర్థర్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏందీ సార్, నన్ను దొంగంటున్నరా?"

"నేననడమెందుకయ్యా? నీ సరుకే అంటోంది."

కుర్రాళ్ళు ఘొల్లుమన్నారు. ఆ నవ్వు సుబ్బరాజుకి హాయిగా ఉంది. మాట పడాల్సిన చోట పడిందనుకున్నాడు. ఆర్థర్ బీరువా తలుపు మూసి, టీచరు వంక చూసి, "మీ ఇష్టం అమ్మా" అన్నాడు.

ప్రేమమణి రెండు జతల వైపూ చూసింది. సైన్సు చెప్పే మనిషి, ఆర్థర్ మాటలో నిజముందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. కానీ సుబ్బరాజు, "టీచరుగారూ, నన్ను ఏరిపెట్టమని తీసుకొచ్చారా, లేదా?" అన్నాడు. పిలిచి పెద్దరికం ఇచ్చిన మనిషి చేతిలో సరుకుని కాదనడం మన వైపు ఎక్కడైనా ఉందా? ఆవిడ నల్లవే తీసుకుంది.

తర్వాత వచ్చిన బంద్ రోజున మైదానంలో జనం బాగానే పోగయ్యారు. తెలంగాణ బంద్ అంటే ఆ రోజుల్లో బస్సు కదలదు, షట్టరు లేవదు. వీధిలో వాళ్ళకి కాలక్షేపం కావాలి. సుబ్బరాజు భార్య లీలాకుమారి గొడుగేసుకుని వచ్చింది. వెనకింటి శేషారత్నం చాట నిండా చిక్కుడుకాయలు పట్టుకొచ్చి, గట్టు మీద కూర్చుని ఈనెలు తీస్తోంది. "రాజుగారు దగ్గరుండి ఏరించారటమ్మా రెక్కలు. ఇంక దానికి తిరుగుండదు" అని లీలాకుమారితో అంటోంది. లీలాకుమారి, "ఆయన చెయ్యి సంగతి మీకు తెలీనిదేముంది" అని మురిసిపోయింది.

హెలికాప్టరు లేచింది. నల్ల రెక్కలు తిరుగుతుంటే కనపడలేదు, పొగచక్రంలా ఉంది. చీలమండ దాకా, మోకాలి దాకా వచ్చింది. ప్రేమమణి నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళార్పకుండా చూస్తోంది. గాలి ఒక విసురు విసిరింది. అది పక్కకి జారింది. ఆవిడ కంగారుపడి కిందికి దింపబోయింది. ఒరిగిపోయి రెక్క కొస గట్టి నేలకి తగిలింది.

ఇదివరకైతే టప్పుమని ఒక శబ్దం వచ్చి ఊరుకునేది. ఈసారి అలా కాదు. యంత్రం గింగిరాలు తిరుగుతూ తనని తానే కొట్టుకుంది. పళ్ళు నూరినట్టు కరకరలాడింది. తోక గొట్టం తెగి శేషారత్నం చాటకి కాస్త దూరంలో వచ్చి పడింది.

అందరికంటే ముందు సుబ్బరాజే పరుగెత్తాడు. వంగి, రెక్క పట్టుకుని తుడిచాడు. ఎత్తి జనానికి చూపించాడు. "చూశారా! గీత పడిందేమో చూడండి! నేను చెప్పలా?"

జనం రెక్కని చూడటం లేదు. ఆ రెక్క కింద వేలాడుతున్నదాన్ని చూస్తున్నారు. మెడ విరిచిన కోడిలా ఉంది. నడిమి ఊచ వంగిపోయింది. పళ్ళచక్రానికి ఒక వైపు పళ్ళే లేవు. మైదానం నిండా చిన్న చిన్న మరలు చిమ్మి ఉన్నాయి.

అప్పుడే, ఆ క్షణంలోనే ఏదో ఒకటి అనాలి. నిజం చెప్పడానికి ధైర్యం కావాలి, అబద్ధానికి నోరుంటే చాలు.

"టీచరుగారూ, మీరు కంగారుపడి రిమోటు కర్ర గభాల్న లాగేశారండి. చెయ్యి ఇంకా కుదరలేదు మీకు. ఎంత మంచి సరుకైనా పట్టే చేతిని బట్టే కదండీ" అన్నాడు.

ప్రేమమణి మోకాళ్ళ మీద కూర్చుని మరలు ఏరుకుంటోంది. తలెత్తి చూసింది. ముఖమంతా ఎర్రబడి ఉంది. "అవునండి. నా చెయ్యే. అనవసరంగా మిమ్మల్ని కార్ఖానా దాకా తిప్పాను. మంచి రెక్కలు ఏరిపెడితే మిషను పాడుచేశాను. ఏమీ అనుకోకండి" అంది.

ఏమీ అనుకోకండి! ఆ మాట తన మీద ఎందుకు పడిందో, అంత బరువు దానికి ఎక్కడిదో సుబ్బరాజుకి ఆ పూట అర్థం కాలేదు.

అర్థమయ్యింది మరునాడు దుకాణంలో. మెదక్ వైపు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు ఆటోలో వేసుకొచ్చాడు. సుబ్బరాజు మూత విప్పి చూస్తే లోపల రాగితీగ బొగ్గయి ఉంది.

"ఫ్యూజులో ఏం తీగ పెట్టావు?" అన్నాడు.

"లావుదే వెట్టిన సేటూ. సన్నది వెడితే మాటిమాటికి కొట్టేస్తది. గట్టిగ ఉంటదని..."

ఈ మాట వినని నెల లేదు ఆయనకి. ఈ మాటకి తిట్టే తిట్లు కూడా నోట్లో సిద్ధంగా ఉంటాయి. "ఫ్యూజు పోవడానికేనయ్యా పెట్టింది! అది పోతేనే మోటారు బతుకుతుంది. అదేమో గట్టిది కావాలి నీకు, ఇప్పుడు చూడు, మోటారు బూడిద..." అంటూ అంటూ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇంకా తిడతాడేమోనని. తిట్లు రాలేదు. సుబ్బరాజు మెడ కింద నుంచి వేడి పాకి చెవుల దాకా వచ్చింది. బుద్ధున్నవాడైతే కార్ఖానాలోనే గుర్తు రావాల్సింది. ఆర్థర్ చెప్పింది అక్షరాలా ఇదే. తను రోజూ బల్ల గుద్ది చెప్పే మాటనే ఇంకొకడు చెప్తే, వాణ్ణి పదిమందిలో దొంగని చేసి, వాళ్ళు నవ్వుతుంటే సంబరపడ్డాడు. పైగా, తప్పంతా ఆ ఆడమనిషి చేతి మీదికి తోశాడు. ఆవిడ క్షమాపణ చెప్తే పుచ్చుకున్నాడు కూడాను.

"ఏమాయె సేటూ?" అన్నాడు రైతు.

"ఏం లేదు. నీ ఒక్కడిదే కాదులే ఆ తెలివి" అన్నాడు సుబ్బరాజు.

వెళ్ళి చెప్పేస్తే పోయేది. అడ్డం వీధి వెడల్పే. కానీ ఆ వెడల్పు గోదావరి పాయంత అయికూర్చుంది. ఆయన వంశంలో తప్పుకి విరుగుడు మాట కాదు, మర్యాద. మనసులో ఏదైనా గుచ్చుకుంటే ఆ ఇంటికి ఓ కూర గిన్నె వెళ్తుంది, ఓ పళ్ళ బుట్ట వెళ్తుంది. మాట బయటికి రాకుండానే లెక్క చెల్లిపోతుంది. అందుకని భీమవరం నుంచి వచ్చిన రొయ్యలు వేపుడు చేయించి లీలాకుమారి చేత ఎదురింటికి పంపించాడు.

"ఎందుకండీ ఉన్నట్టుండి?" అంది లీలాకుమారి.

"పాపం, దిగులుగా ఉందావిడ. ఇచ్చిరా."

ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఆ వీధిలో ఎవరూ చెయ్యరు. గిన్నె నిండా గులాబీ పువ్వులు వచ్చాయి, క్రిస్మస్‌కి చేసే ఆ కరకరలాడే పిండివంట. సుబ్బరాజు ఒకటి కొరికాడు. ఇచ్చిన మర్యాద తిరిగి వచ్చేసింది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకోసారి పూతరేకులు పంపించాడు. నిమ్మకాయ ఊరగాయ వచ్చింది. పనసపొట్టు కూర పంపిస్తే కేకు వచ్చింది. దాంతో పాటు లీలాకుమారి మోసుకొచ్చిన కబురు కేకు కంటే బరువుగా ఉంది.

"టీచరుగారు ఎంత మంచి మనిషండీ! వీధిలో ఎవరడిగినా ఒకటే మాట. 'రాజుగారి సరుకుకి వంక లేదు, రెక్కలకి గీత కూడా పడలేదు, నాకే చేతకాలేదు' అంటోందిట. శేషారత్నం గారైతే వాళ్ళ గ్రైండరుకి మీరే రావాలని కూర్చుంది."

"రానని చెప్పు."

"అదేటండీ! ఎందుకు రారు?"

"నడుం నొప్పి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఎలా ఉంటాడో సుబ్బరాజు అద్దంలో చూసుకోనక్కర్లేకుండానే తెలుసుకుంటున్నాడు. పేరు తగ్గాల్సింది పోయి పెరిగింది. అదీ ఆవిడ నోటి చలవే. వీధిలో నడుస్తుంటే ఎవరైనా నమస్కారం పెడితే చాలు, తల దించుకోవాలనిపిస్తోంది ఆయనకి. ఎదురింటి తలుపు తెరుచుకుంటే తను లోపలికి తప్పుకుంటున్నాడు. సాయంత్రాలు మైదానం వైపు చూడటం మానేశాడు. చూసినా అక్కడ క్రికెట్ ఆడే పిల్లలే. టీచరు రావడం లేదు.

ఓ ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చే వేళకి ఆయన గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఆవిడే ఆగింది.

"రాజుగారూ, మీ గిన్నె ఒకటి నా దగ్గరుండిపోయిందండీ. సాయంత్రం పంపిస్తాను."

"గిన్నెకేముందండి... హెలికాప్టరు బాగుచేయించారా?"

"లేదండీ. మూటగట్టి అటక మీద పెట్టేశాను. స్కూల్లో కూడా చెప్పేశాను." ఆవిడ బైబిలు సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "పిల్లల్ని నిలబెట్టి చెప్పాను. నాకు చేతకాలేదర్రా, ఈ వయసులో మనకి రానివి కొన్ని ఉంటాయి, ఒప్పుకోవాలి అని. ఓ పిల్ల ఏడ్చింది. ఇంకేం చేస్తాం, పండుగకి బోర్డు మీద బొమ్మే గీస్తాను."

నీళ్ళ గొట్టం సుబ్బరాజు కాళ్ళ మీద కారుతోంది. ఆయన చూసుకోలేదు.

"టీచరుగారూ, మీ చెయ్యి కాదండి."

"ఏమిటీ?"

"మీ చేతి తప్పు కాదు. నాది. నల్లవి గట్టివి కాబట్టే మిషను పోయింది. ఆర్థర్ చెప్పిందే నిజం. చెక్కవైతే విరిగి ఊరుకునేవి. ఫ్యూజులో లావు తీగ పెట్టినట్టు పెట్టాను నేను. మర్నాడే తెలిసింది నాకు."

ఒక్క గుక్కలో అనేశాడు. అనేశాక తేలికవుతుందనుకున్నాడు. ఆవిడ, "పోనీలెండి రాజుగారూ" అంటుందనీ, తను, "అబ్బే, అలా కాదండి" అంటాడనీ, ఇద్దరూ కాఫీ తాగుతారనీ లోపల్లోపల ఒక ఆశ కూడా ఉంది.

ప్రేమమణి ఆ మాట అనలేదు.

"మర్నాడే తెలిసిందా?" అంది.

"ఆయ్."

"మర్నాడే తెలిస్తే ఇన్నాళ్ళూ రొయ్యలు పంపించారా నాకు?"

సుబ్బరాజు తలొంచుకున్నాడు.

"నేను పిల్లల ముందు నిలబడి నాకు చేతకాదని చెప్పుకున్నానండీ! వీధిలో ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. మీ పేరు పోకూడదని. మీరు ఇంట్లో కూర్చుని వింటూ పూతరేకులు పంపించారు!" ఆవిడ గొంతు పెరగలేదు. క్లాసులో పిల్లవాడు చూసి రాస్తూ దొరికినప్పుడు వచ్చే గొంతది. "ఆ రోజు కొట్లో నాకూ అనిపించింది, ఆర్థర్ మాటే సరైనదని. మిమ్మల్ని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. అది నా తప్పే. ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోగలను కదా."

"నేను... మీరేం చెయ్యమంటే అది చేస్తానండి. కొత్త మిషను..."

"నాకు మిషనొద్దు. దాని భాగాలు దొరుకుతాయి, బిగించుకోవడం నాకొచ్చు." గేటు తీసుకుని వెళ్తూ ఆగింది. "నన్నన్నది నాతో చెప్పారు, సరే. ఆ అబ్బాయిని దొంగన్నారు. అదెక్కడన్నారో గుర్తుందా?"

ఆ మాట మనసులో పడ్డాక సుబ్బరాజుకి తిండి లేదు, నిద్ర లేదు. చివరికి తనే వెళ్ళి, "కార్ఖానా వెళ్దాం రండి" అన్నాడు. స్కూటరు మీద ఆవిడ వెనక కూర్చుంది, ఒళ్ళో సంచీ, సంచీలో విరిగిన యంత్రం. లోతుకుంట దాటారు, తిరుమలగిరి దాటారు.

కొట్లో మనిషి పట్టే చోటు లేదు. సెలవు రోజు సాయంత్రం. వాళ్ళలో ఆనాటి కుర్రాళ్ళూ కొందరున్నారు. సుబ్బరాజు కాస్త ఖాళీ అయ్యాక మాట్లాడదాం అనుకుని, తల పైకెత్తి కప్పుకి వేలాడే విమానాల్ని చూడసాగాడు. ఒకడు వెళ్తే ఇద్దరు వస్తున్నారు. ప్రేమమణి బల్ల దగ్గర తన వంతు కోసం నిలబడి ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఈయన్ని చూడలేదు. ఆ చూడకపోవడమే వీపు మీద చర్నాకోలలా ఉంది.

ఆర్థర్ సంచీలో యంత్రాన్ని బయటికి తీసి చూశాడు. నాలుక చప్పరించాడు. "అరెరె! ఖతం చేసిండ్రు గదమ్మా." అప్పుడు వెనకున్న సుబ్బరాజు కనిపించాడు. "ఓహో, సార్ సుత వచ్చిండ్రా! రండి రండి. బ్లేడ్లు బాగున్నయా సార్? గీత గిట్ల వడ్డదా?"

ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు.

"పడలేదు బాబూ" అన్నాడు సుబ్బరాజు. "బ్లేడ్లు బాగున్నాయి. మిగతాదే పోయింది. నువ్వెలా చెప్పావో అలాగే పోయింది." కొట్లో మాటలు తగ్గాయి. తగ్గకపోతే బాగుండుననుకున్నాడు. "ఆ రోజు నిన్ను ఇక్కడే అన్నాను, వీళ్ళందరి ముందూ. అంటగడుతున్నావన్నాను. ఆ మాట తప్పు. నువ్వు చెప్పింది మంచి కొట్టువాడు చెప్పాల్సిన మాట. నేనూ మా కొట్లో రోజూ అదే చెప్తాను. నీ నోట వచ్చేసరికి నాకు దొంగతనంలా వినపడింది. నన్ను క్షమించు."

కప్పుకి వేలాడే విమానం ఒకటి ఫ్యాను గాలికి నెమ్మదిగా తిరుగుతోంది. ఆర్థర్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"సార్, పోనీ తియ్యండి అందామంటే నోరు వస్తలేదు" అన్నాడు. "ఆ దినం మీరు పోయినంక ఈ పోరగాళ్ళు నన్ను ఏమని పిలిచిండ్రో ఎరుకనా? పుల్లముక్కల ఆర్థర్. ఇంక గట్లనే పిలుస్తున్రు. ఏం రా, అబద్ధమా?"

కుర్రాళ్ళు నేల చూపులు చూశారు. ఒకడు, "ఊకనే మజాక్‌కి అన్నం అన్నా" అని గొణిగాడు.

"మజాకే. అన్నోనికి మజాక్" అన్నాడు ఆర్థర్. "సార్, మీరు వచ్చి చెప్పిండ్రు, పెద్ద మనసే. కానీ గీ పేరు పోదు. మీరు చెప్పినంత మాత్రాన ఏడికి పోతది?"

సుబ్బరాజు దగ్గర దానికి బదులుగా పంపడానికి గిన్నె కూడా లేదు.

ఆర్థర్ టీచరు వైపు తిరిగాడు. ఆవిడ అడిగిన ఊచ, పళ్ళచక్రం, తోక గొట్టం ఒక్కొక్కటే తీసి పెట్టాడు. చెక్క రెక్కలు నాలుగైదు జతలు ముందు పరిచాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, జతలో రెండూ ఒకే బరువున్నాయో లేదో ఎలా చూడాలో అడిగింది. ఆర్థర్ రెండు రెక్కల్నీ ఒక మరతో కలిపి, వేలి మీద త్రాసులా నిలబెట్టి చూపించాడు. ఒరిగిన వైపుది బరువెక్కువ, తేలికగా ఉన్నదాని కొసకి టేపు ముక్క అంటించాలి అన్నాడు. ఆవిడ తనూ అలాగే నిలబెట్టింది.

"బాబూ, పండుగ లోపల నాకు కాస్త చెయ్యి కుదరాలి" అంది. "పిల్లలకి రేపే చెప్తాను, మళ్ళీ మొదలుపెట్టానని."

"కుదురుతది టీచరమ్మా. ఇంక ఇరుగుతయి, ఫికర్ చెయ్యకండి."

ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాడు సుబ్బరాజు ఆ నవ్వు. అందులో తనకి చోటు లేదు.

ఎవరూ పొమ్మనలేదు గానీ, నెమ్మదిగా వెనక్కి నడిచి, మెట్టు దిగి సందులోకి వచ్చి స్కూటరు పక్కన నిలబడ్డాడు. లోపల యంత్రం బిగిస్తున్నారు కాబోలు, మాటలు వినపడుతున్నాయి. ఉన్నట్టుండి కొట్టంతా ఒక్కసారి నవ్వింది. తన గురించేనా? వేరే సంగతా? చెవులు రిక్కించాడు. తెలియలేదు. లోపలికి తొంగి చూసే ముఖం లేదు. స్కూటరెక్కి వెళ్ళిపోదామా అని కూడా ఒక ఆలోచన వచ్చింది, ఆవిడకి ఆటోలు బోలెడు. కానీ ఆవిణ్ణి తీసుకొచ్చింది తను. స్టాండు వేసిన స్కూటరుని అలాగే పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, ఆవిడ బయటికి వచ్చే దాకా నిలబడ్డాడు.